ఇంగ్లీషు పాఠం - ఇంటి భాష

మన విమర్శకులు కథలనూ నవలలనూ విమర్శిస్తారు. పాఠ్యపుస్తకాల మీద కూడా అప్పుడప్పుడూ కోప్పడతారు. కాని ఉపాధ్యాయుడు తరగతిలోకి వెళ్ళబోయేముందు చదువుకునే పాఠప్రణాళికను మాత్రం ఎవరూ విమర్శదృష్టితో చూడరు. అది రచన కాదనీ, గడ్డపారలాంటి పనిముట్టనీ అనుకుంటారు. నా ఉద్దేశంలో అదీ రచనే. దాన్ని రాసినవాడి మనసులో ఒక ఉపాధ్యాయుడుంటాడు. ఆ ఉపాధ్యాయుడి ఎదుట ఒక పిల్లవాడుంటాడు. ఆ పిల్లవాడు ఎటువంటి ఇంట్లోంచి వచ్చాడు, బడికి రాకముందే వాడికి ఏమేం తెలుసు, వాడి తల్లి ఏం పని చేస్తుంది అన్న ప్రశ్నలకి పాఠం రాసినవాడు, తెలిసో తెలియకో, ఏదో ఒక జవాబు ముందే చెప్పుకుని ఉంటాడు. పాత్రలను బట్టి నవలా రచయిత దృష్టిని పట్టుకుంటున్నాం గదా. పాఠంలో దాగి ఉన్న పిల్లవాణ్ణి బట్టి పాఠం రాసినవాడి దృష్టిని కూడా అట్లాగే పట్టుకోవచ్చు.

ఈ ఉద్దేశంతోనే కొన్ని నెలలుగా ఇంగ్లీషు నేర్పే ఉపాధ్యాయుల కోసం ఇంటర్నెట్‌లో పెట్టిన సామగ్రిని చదువుతున్నాను. తెలుగు ఎం.ఏ. చదివి తెలుగు చెప్పుకునేవాడికి ఈ గొడవ దేనికని మిత్రులు అడిగారు. మా కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళలో చాలామంది బి.ఇడి. చదివి పంతుళ్ళవుతారు. ఇవాళ వాళ్ళు లెక్కలు చెప్పినా, సైన్సు చెప్పినా ఇంగ్లీషులో చెప్పాలి. అంటే లెక్కల మేష్టారు కూడా, తనకు ఇష్టమున్నా లేకపోయినా, ఇంగ్లీషు మేష్టారే. రాత్రిపూట సెల్‌ఫోనులో రేపటి పాఠం వెతుక్కుంటారు. దొరికినదాన్ని సెలవుల్లో వచ్చినప్పుడు నాకు చూపించి, "ఇది బాగుంది గదండీ!" అంటారు. బాగుందో లేదో చెప్పటానికి చదవక తప్పింది కాదు.

చదివినమీదట నాకు తేలిన విషయం ఒకటి ఉంది. ఈ సామగ్రిలో హెచ్చుభాగం అమెరికా, ఇంగ్లండుల్లో తయారవుతున్నది. అందులో రెండు రకాలున్నాయి: వాళ్ళు తమ ఇంటి అవసరానికి చేసుకున్నది ఒకటి, ఎగుమతి కోసం చేసింది మరొకటి. మొదటి రకంలో పిల్లవాడికి ఇంటి భాష ఉంటుంది. రెండోదాంట్లో ఉండదు. మన పంతులు చేతికి అందేది సాధారణంగా రెండోది.

ముందు మొదటి రకం సంగతి చూద్దాం. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లలు సుమారు 50 లక్షలమంది ఉన్నారు. బడికి వచ్చే ప్రతి పదిమందిలోనూ ఒకరన్నమాట. వీళ్ళలో నూటికి డెబ్బై అయిదుమంది దాకా స్పానిష్ మాట్లాడే ఇళ్ళవాళ్ళు. తోటల్లో పళ్ళు కోసేవాళ్ళ పిల్లలు, ఇళ్ళు కట్టే కూలీల పిల్లలు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళ పిల్లలు వీళ్ళలో కొల్లలు. ఈ పిల్లల కోసం ప్రత్యేకంగా బోధన ఉండాలన్న ఆలోచన అమెరికన్ పాలకులకు దయతో పుట్టింది కాదు. 1968లో ద్విభాషా విద్యా చట్టం వచ్చింది. అది నల్లవాళ్ళూ మెక్సికన్ సంతతివాళ్ళూ వీధుల్లోకి వచ్చి హక్కులడుగుతున్న కాలం. 1974లో లౌ వర్సెస్ నికొల్స్ అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు సుమారు 1,800 మంది ఏ సహాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతుల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళ తరపున కోర్టుకి వెళ్ళారు. అందరికీ అవే పుస్తకాలు, అదే పంతులు, అదే పాఠం ఇచ్చినంతమాత్రాన సమానత్వం కాదనీ, భాష అర్థంకాని పిల్లలకు ఆ చదువు చదువే కాదనీ న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు.

ఆంధ్ర, తెలంగాణా ప్రాంతాల్లో ఇంగ్లీషు మీడియం బడి నడిపేవాళ్ళు ఈ తీర్పును ఒకసారి చదవటం మంచిది. అమెరికాలో బడి భాష అర్థం కానివాళ్ళు పదిమందిలో ఒకరు. మన పల్లెటూరి బడిలో పదిమందికి పదిమందీ!

ఆ పోరాటాల తరవాత పెరిగిన సామగ్రికి మంచి ఉదాహరణ 'కొలొరీన్ కొలొరాడో' అనే సైటు. వాషింగ్టన్‌లోని డబ్ల్యు.ఇ.టి.ఎ. అనే ప్రజాప్రసార సంస్థ దాన్ని నడుపుతున్నది. ముఖ్యమైన ఆర్థిక సహాయం అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అనే ఉపాధ్యాయ సంఘానిది. ఉపాధ్యాయ సంఘం అంటే జీతాల కోసమూ బదిలీల కోసమూ మాత్రమే అని మనకొక అభిప్రాయం ఉంది. సంఘం చందా డబ్బుతో పాఠాలు తయారుచేయించి ఉచితంగా పెట్టవచ్చునని మన సంఘాల నాయకులకు ఎందుకు తోచదో వాళ్ళే చెప్పాలి.

ఆ పేరు కూడా ముచ్చటైనది. స్పానిష్ వాళ్ళు పిల్లలకు కథ చెప్పి ముగించేటప్పుడు అనే మాటల్లోంచి తీసుకున్నారు. మనం 'కథ కంచికి' అంటామే, సరిగ్గా అటువంటిది. అంటే ఇంగ్లీషు నేర్పటానికి పెట్టిన సైటు గుమ్మం మీద పిల్లవాడి అమ్మమ్మ మాట రాసి ఉంది. ఇది అలంకారం కోసం చేసిన పని కాదని లోపలికి వెళితే తెలుస్తుంది. తల్లిదండ్రులకు ఇచ్చే సలహాలు స్పానిష్‌లోనూ ఇంకా అనేక భాషల్లోనూ ఉన్నాయి. ఇంట్లో మీకు వచ్చిన భాషలోనే పిల్లవాడికి కథలు చెప్పండి, వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడటానికి తంటాలుపడకండి అన్నది వాటి సారాంశం. ఉపాధ్యాయులకు ఇచ్చే సామగ్రిలో స్పానిష్‌కీ ఇంగ్లీషుకీ ఉమ్మడిగా ఉన్న మాటల పట్టికలున్నాయి. 'ఫమీలియా' తెలిసిన పిల్లవాడికి 'ఫ్యామిలీ' కొత్తమాట కాదు. 'ఆనిమాల్' తెలిసినవాడికి 'యానిమల్' కొత్తది కాదు. నీకు రాదు అని చెప్పటంతో మొదలుకాకుండా, నీకు ఇప్పటికే ఇంత వచ్చు అని చూపించటంతో పాఠం మొదలవుతుంది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న 'విడా' అనే సంస్థ ప్రమాణాలు కూడా ఈ కోవలోవే. అమెరికాలో 40 పైచిలుకు రాష్ట్రాలు, ప్రాంతాలు వాటిని వాడుతున్నాయి. ఇంగ్లీషు ఇంకా మొదటి మెట్టులో ఉన్న పిల్లవాడు ఏం చెయ్యలేడో కాక ఏం చెయ్యగలడో అవి వరసగా చెపుతాయి: బొమ్మ చూపించగలడు, వర్గీకరించగలడు, తన భాషలో పక్కవాడితో చర్చించి ఒక్క మాటలో జవాబు చెప్పగలడు. చెప్పటానికి ఇది చిన్న సంగతే. కాని మన మార్కుల పట్టికలు చూసినవాడికి దీని విలువ తెలుస్తుంది.

ఇంతమాత్రాన అమెరికా పాఠశాల స్వర్గమనుకునే ప్రమాదం లేదు. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ద్విభాషా బోధనను దాదాపు నిషేధించారు. దాన్ని రద్దు చెయ్యటానికి 2016 దాకా పట్టింది. 2001లో కాంగ్రెసు ఆమోదించిన కొత్త విద్యాచట్టంతో కేంద్ర కార్యాలయం పేరులోంచి 'ద్విభాష' అన్న మాటే ఎగిరిపోయింది. 2025 మార్చి 1న ఇంగ్లీషే దేశ అధికారభాష అని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల హక్కులను వివరిస్తూ 2015లో జారీ అయిన మార్గదర్శక పత్రాన్ని ఆ ఏడాది ఆగస్టులోనే ఉపసంహరించారు. హక్కు పోరాటంవల్ల వచ్చినదైతే, పోరాటం సన్నగిల్లినప్పుడు పోతుంది కూడా. సంఘాల సొమ్ముతో నడిచేది మిగులుతుంది, ప్రభుత్వపు పుటలు మాయమవుతాయి. సామగ్రి ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్న అందుకే సాంకేతికమైన ప్రశ్న కాదు.

మనవాళ్ళ ప్రవర్తన కూడా ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలో పిల్లవాణ్ణి బళ్ళో వేసేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం మీద రాయమంటారు. వేరే భాష రాస్తే పిల్లవాడి ఇంగ్లీషు పరీక్షించి, అవసరమైతే సహాయం చేస్తారు. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే మా బంధువు ఒకాయన ఆ గడిలో 'ఇంగ్లీషు' అని రాసి వచ్చాడు. "తెలుగని రాస్తే మనవాణ్ణి ఆ మెక్సికన్ పిల్లల్లో కలుపుతారు బావా!" అని ఫోనులో చెప్పాడు. ఆయన ఇంట్లో నలుగురూ తెలుగే మాట్లాడతారు. ఉగాదికి తెలుగు సంఘంలో పద్యాలు కూడా చదివిస్తారు. భాషాభిమానానికి అడ్డం రాలేదు గాని, కూలివాడి పిల్లవాడి పక్కన కూర్చోవటం మాత్రం అడ్డం వచ్చింది.

ఇక ఎగుమతి సరుకు. దీని చరిత్ర ఇంటర్నెట్‌కన్నా చాలా పాతది. బ్రిటిష్ కౌన్సిల్ 1934లో పుట్టింది. వాయిస్ ఆఫ్ అమెరికా 'స్పెషల్ ఇంగ్లీష్' అనే ప్రసారాన్ని 1959 అక్టోబరులో మొదలుపెట్టింది. సుమారు 1,500 మాటలతో, పొట్టి వాక్యాలతో, నెమ్మదిగా చదివే వార్తలవి. అది ప్రచ్ఛన్నయుద్ధకాలం. ఆ నెమ్మది ఎవరి కోసమో, ఎందుకోసమో వేరే చెప్పనక్కర్లేదు. అంతకు ఏడాది ముందే, 1958లో, మన హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలిసింది. దాని వెనక ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ సహాయం ఉంది. 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకుని, 2007లో విశ్వవిద్యాలయమయింది. అందులో చదివినవాళ్ళూ చెప్పినవాళ్ళూ మంచిపని చాలా చేశారు. కాని డబ్బు వచ్చిన దారిని మరిచిపోకూడదు.

వాయిస్ ఆఫ్ అమెరికా తరవాతి రోజుల్లో ఇంటర్నెట్‌లో 'లెట్స్ లెర్న్ ఇంగ్లీష్' అనే వీడియో పాఠాలు పెట్టింది. పంతుళ్ళకు పాఠప్రణాళికలు కూడా ఇచ్చింది. కథానాయిక ఆన్నా చిన్న ఊరినుంచి వాషింగ్టన్ నగరానికి వస్తుంది. అపార్ట్‌మెంటు, ఉద్యోగం, స్నేహితులు అన్నీ సమకూర్చుకుంటుంది. నటి చక్కగా నటించింది. ఉచ్చారణ నేర్చుకోవటానికి బాగా పనికివస్తుంది. కాదనను. అయితే ఇంగ్లీషు నేర్చుకోవలసిన మనిషి ఆ కథలో ఎక్కడ ఉన్నాడు? ఆన్నాకు ఇంగ్లీషు పుట్టుకతోనే వచ్చు. నేర్చుకునేవాడు తెరకి ఇవతల కూర్చుని, పెద్దింటి పెళ్ళి చూస్తున్నట్టు, ఆమె జీవితాన్ని చూస్తాడు. వాడికి అందులో పాత్ర లేదు. వాడి భాషకి అంతకన్నా లేదు. ఎలా ఉంటుంది? వీడియో ఒకటే, చూసేవాళ్ళు నూరు దేశాలవాళ్ళు. ఎవరి ఇంటి భాషనని తలుచుకుంటుంది?

2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ ఉత్తర్వుతో వాయిస్ ఆఫ్ అమెరికా సిబ్బందిని పనిలోంచి పక్కన పెట్టారు. ఈ ఇంగ్లీషు పాఠాల పని ఆగింది. ఏళ్ళ తరబడి వాటిమీద ఆధారపడిన పంతుళ్ళు ఎన్ని దేశాల్లో ఉన్నారో! వాళ్ళలో ఎవరినీ ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం కూడా దాతకు ఉండదు.

బ్రిటిష్ కౌన్సిల్ వారి 'టీచింగ్ ఇంగ్లీష్' సైటు ఇంతకన్నా నయం. తరగతిలో మాతృభాషను వాడవచ్చుననీ, బహుభాషా తరగతి దోషం కాదనీ వాదించే వ్యాసాలు అందులో ఉన్నాయి. కాని వ్యాసాలు ఒకవైపు, పాఠాలు మరొకవైపు. పాఠం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఏ ఊరిదీ కాని ఊరు, ఏ ఇంటిదీ కాని ఇల్లు. తప్పు రాసినవాళ్ళ మనసులో లేదు, పద్ధతిలోనే ఉంది. ప్రపంచానికంతటికీ ఒకే పాఠం రాయాలంటే పిల్లవాడిలో ఉన్న ప్రత్యేకతనంతా చెక్కి పారేస్తే తప్ప సాధ్యం కాదు.

మూడోది బజారు. అమెరికాలో 'టీచర్స్ పే టీచర్స్' అని 2006లో ఒక న్యూయార్కు ఉపాధ్యాయుడు పెట్టిన అంగడి ఉంది. పంతుళ్ళు తాము రాసిన పాఠాలను తోటి పంతుళ్ళకు అమ్ముకుంటారు. ప్రతి అమ్మకంలోనూ అంగడివాడికి వాటా. 2023లో దాన్ని మరో విద్యావ్యాపార సంస్థ కొనేసింది. ఉపాధ్యాయుడు రచయిత కావాలని నేననేది ఇది కాదు. పూర్వం ఒకే స్టాఫ్‌రూములో చేతులు మారిన కాగితం ఇప్పుడు సరుకైంది. సరుకైనాక దానికి సరుకు లక్షణాలు వస్తాయి. రంగుల అంచులు, ముద్దొచ్చే కుక్కపిల్లలు, గీత గీసి జతపరచండి, ఖాళీలు పూరించండి. ఏ పంతులైనా ఏ తరగతిలోనైనా పది నిమిషాల్లో పంచిపెట్టగలిగిందే ఎక్కువ అమ్ముడుపోతుంది. మన పంతులికి కొనే స్తోమత లేదు. ఆ కాగితాల నకళ్ళూ, ఆ నకళ్ళకు నకళ్ళూ వాట్సాప్‌లో వచ్చి పడుతుంటాయి. నాలుగు రుతువుల పాఠంలో మంచుబొమ్మ, ఉన్ని చేతితొడుగులు. రెంటచింతల ఎండల్లో!

మంచుబొమ్మను చూసి నవ్వుకోవటం తేలిక. అసలు ఇబ్బంది అక్కడ లేదు. పరాయి దేశపు మంచును గురించి పిల్లలు తెలుసుకుంటే నష్టమేమీ లేదు. ఇబ్బంది కంటికి కనిపించనిచోట ఉంది. మాటవరసకి ఫోనిక్స్ పద్ధతి తీసుకోండి. అక్షరాల ధ్వనులను కూడబలుక్కుని మాటను చదవటం అది. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న అయిదేళ్ళ పిల్లకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. 'క్', 'యా', 'ట్' అని కూడబలుక్కోగానే, రోజూ చెవులారా వింటున్న మాట హఠాత్తుగా ఆ పిల్ల నోట్లోంచి వస్తుంది. అదీ అందులోని ఆనందం. మన పిల్లవాడు కూడా 'క్యాట్' అని కూడబలుక్కుంటాడు. ఆ తరవాత? చప్పుడు వచ్చింది, అర్థం రాలేదు. పుట పొడుగునా గడగడా చదివి, అందులో ఒక్క మాటకీ అర్థం చెప్పలేని పిల్లలను చూసి తల్లిదండ్రులు సంతోషపడుతున్నారు, తనిఖీకి వచ్చినవాళ్ళు మార్కులు వేస్తున్నారు. చెవికి మాట ముందే తెలుసునన్న ఊహ మీద కట్టిన పద్ధతిని, ఆ ఊహ చెల్లనిచోటికి యథాతథంగా తెచ్చిపెట్టటం వల్ల వచ్చిన ఫలితం ఇది.

కాని మన పిల్లవాడి చెవికి ఇంగ్లీషు మాటలు బొత్తిగా తెలియవా? ఇక్కడే ఆ స్పానిష్ మాటల పట్టిక నాకు కొత్త సంగతి చెప్పింది. పల్లెటూళ్ళో అక్షరం ముక్క రాని తల్లి రోజూ మాట్లాడే తెలుగులో ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో లెక్కపెట్టి చూడండి. కరెంటు, మోటారు, స్టార్టరు, ఫ్యూజు, వైరు, బోరు, పైపు, ట్రాక్టరు, యూరియా, బస్సు, టిక్కెట్టు, రేషను, కార్డు, లోను, బ్యాంకు, పెన్షను, బకెట్టు, గ్లాసు, ప్లేటు, స్టవ్వు, గ్యాసు, సెల్లు, చార్జరు, డాక్టరు, ఇంజెక్షను. ఇవన్నీ మన పిల్లవాడు బడికి వచ్చేనాటికే సంపాదించుకున్న ఆస్తి. వీటిలో చాలామాటలకు చివరి 'ఉ' తీసేస్తే ఇంగ్లీషు మాట దొరుకుతుంది: బస్సులో 'బస్', పైపులో 'పైప్'. ఒక్క సూత్రంతో అర శతకం మాటలు! వీటితో ఫోనిక్స్ మొదలుపెట్టి చూడండి. కూడబలుక్కోగానే తెలిసినమాట నోట్లోంచి వస్తుంది.

కొన్నిటికి అర్థం మారిన మాట నిజమే. మన 'కరెంటు' పోతుంది, వస్తుంది. ఇంగ్లీషువాడి 'కరెంట్' ప్రవహిస్తుంది. మన 'బోరు' నీళ్ళిస్తుంది. ఈ తేడాలు పాఠానికి అడ్డం కావు, ఇవే పాఠం. ఈ పట్టిక ఏ సైటులోనూ నాకు కనబడలేదు. లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో కూర్చున్నవాడు రాయలేడు గదా. మనవాళ్ళు రాయకపోవటానికి కారణం వేరే ఉంది. మన తెలుగు పండితుడికి ఈ మాటలు తెలుగును మైలపరిచేవి, మన ఇంగ్లీషు పండితుడికి ఇవి చెడిపోయిన ఇంగ్లీషు. ఇద్దరూ కలిసి పిల్లవాడి ఆస్తిని చెత్తకుప్పలో పారేశారు.

కుటుంబాన్ని గురించిన పాఠం లేని సైటు ఉండదు. అంకుల్, ఆంట్, కజిన్ అని చెట్టుబొమ్మ గీసి ఉంటుంది. మన పిల్లవాడికి అత్త, పిన్ని, పెద్దమ్మ ముగ్గురూ వేరువేరు మనుషులు. బావ, అన్న అసలే ఒకటి కారు. ఒకరితో వరస కలుస్తుంది, ఒకరితో కలవదు. పెదనాన్న కొడుకును 'బ్రదర్' అని రాసిన పిల్లవాడికి తప్పు పెడతారు. వాడు రాసింది వాడి సమాజం ప్రకారం అక్షరాలా ఒప్పు. 'కజిన్ బ్రదర్' అన్న మాటను మనవాళ్ళ అజ్ఞానమని వెక్కిరిస్తారుగాని, రెండు బంధుత్వ వ్యవస్థల మధ్య జనం కట్టుకున్న వంతెన అది.

వ్యాకరణమూ ఇంతే. తెలుగులో ఆకలి, జ్వరం, తెలివిడి, కోరిక ఇవన్నీ 'నాకు' అవుతాయి. ఇంగ్లీషులో వీటన్నిటికీ ముందు 'నేను' నిలబడాలి. ఇంగ్లీషు 'వుయ్' అన్నప్పుడు అది మనమో మేమో తేలదు. 'యు' అన్నప్పుడు నువ్వో మీరో తేలదు. పంతులుకి 'నువ్వు' అన్నట్టుంటుందని 'యు' అనటానికి జంకే పిల్లలను నేనెరుగుదును. ఈ నాలుగు సంగతులూ తెలుగులో నాలుగు వాక్యాలతో చెపితే పిల్లలు పకాలున నవ్వి నేర్చుకుంటారు. ఇంగ్లీషులోనే చెప్పాలనే నియమం పెట్టుకుంటే నాలుగు నెలలు పడుతుంది.

మన ప్రభుత్వాలు చేసిందేమిటి? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకి ఎక్కింది. బళ్ళల్లో మాత్రం ఇంగ్లీషు మీడియం ముందుకే నడిచింది. 2022-23 నుంచి తెలంగాణా కూడా అదే దారి పట్టింది. రెండుచోట్లా ఎదురెదురు పుటల్లో ఇంగ్లీషూ తెలుగూ ఉన్న పుస్తకాలు వేశారు. ఇది నిజంగా మంచి ఆలోచన. 2017లో మొదలైన కేంద్రప్రభుత్వపు 'దీక్షా' వేదికకు పుస్తకంలోనుంచే దారి చూపే క్యూఆర్ గళ్ళు కూడా అచ్చువేశారు. అదీ మంచిదే. కాని ఆ తెలుగు పుట తెరిచి చూడండి. 'ఫోటోసింథసిస్'కి ఎదురుగా 'కిరణజన్య సంయోగక్రియ' ఉంటుంది. పిల్లవాడు రెండు పుటలనూ సమానమైన భక్తితో చూసి పక్కన పెడతాడు. రెండూ వాడివి కావు. గిడుగువారు వందేళ్ళ కిందట ఎవరితో పోట్లాడారో వాళ్ళే ఎడమ పుటలో ఇంగ్లీషు దుస్తులతోనూ, కుడి పుటలో పట్టుపంచెతోనూ నిలబడి ఉన్నారు.

గిడుగు రామమూర్తి పేరు ఊరికే తీసుకురాలేదు. ఆయన సవరలకు చదువు చెప్పదలుచుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. బళ్ళు పెట్టాడు. వ్యావహారికోద్యమం వెనక కూడా ఒక ఇంగ్లీషు పాఠాల గొడవ ఉంది. 20వ శతాబ్ది మొదట్లో పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర భాషను నోటితో నేర్పాలనే పద్ధతికి అభిమాని. తెలుగువాడు మాట్లాడేదొకటి, బడిలో రాసేదొకటి ఎందుకయిందని ఆయన అడిగిన ప్రశ్న గిడుగునూ గురజాడనూ కదిలించింది. అంటే, భాష ఎట్లా నేర్పాలన్న ప్రశ్న సరిగ్గా వేస్తే, అది ఏ భాషను గురించి మొదలైనా, ప్రజల నోటి భాష దగ్గరికే వచ్చి చేరుతుంది.

నన్ను ఇంగ్లీషు మీడియం వ్యతిరేకుల జాబితాలో వేసేవాళ్ళు తొందరపడవద్దని మనవి. కూలివాడు తన పిల్లకు ఇంగ్లీషు కావాలనటం భ్రమ కాదు, అనుభవం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళే ఉద్యోగాలు పంచుకోవటం మూడు తరాలుగా చూస్తున్నాడు. తెలుగు మహాసభల్లో కన్నీరు పెట్టుకునే పెద్దల మనుమలు ఏ బడిలో చదువుతున్నారో కూడా చూస్తున్నాడు. అతనికి తల్లిభాష మాధుర్యాన్ని గురించి ఉపన్యాసం చెప్పే అర్హత మనలో చాలామందికి లేదు. కాని అతనికి ఇంగ్లీషు ఇస్తామని చెప్పి, ఇంగ్లీషు చప్పుడు ఇవ్వటం మోసం. సంపన్నుల పిల్లవాడికి ఇంట్లో ఇంగ్లీషు ఉంది, కనక బడిలో తెలుగు నిషేధించినా వాడికి పోయేదేమీ లేదు. కూలి పిల్లకు ఆలోచించటానికి ఉన్నదే తెలుగు. దాన్ని బడి గుమ్మం దగ్గర లాక్కుంటే ఆ పిల్ల ఇంగ్లీషు ఎక్కటానికి నిచ్చెనే ఉండదు.

సామగ్రి లేక మన పంతులు చెడిపోతున్నాడనే వాదం కూడా నేను ఒప్పుకోను. సామగ్రి కుప్పలు తెప్పలుగా ఉంది. అతనికి లేనిది వ్యవధి. హాజరు ఫోనులో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం ఫొటో పంపాలి, లెక్కలు పంపాలి, ఇద్దరు పంతుళ్ళు అయిదు తరగతులు చూడాలి. ఇన్ని అయినాక రాత్రి పదింటికి ఫోను తీసి, దొరికిన మంచుబొమ్మను దింపుకున్నవాణ్ణి తప్పుపట్టటం అన్యాయం.

స్కూలు కాంప్లెక్సు సమావేశాలని మనకు ఉన్నాయి. చుట్టుపక్కల బళ్ళ పంతుళ్ళంతా ఒకచోట కూడి, పైనుంచి వచ్చిన వీడియో చూసి, సంతకాలు పెట్టి వెళుతుంటారు. ఆ సమావేశంలో ఒక పూట వీడియో కట్టేసి, తలా ఒక కాగితం తీసుకుని, తమ ఊళ్ళో పిల్లలు మాట్లాడే తెలుగులో ఉన్న ఇంగ్లీషు మాటలు రాస్తే ఏమవుతుంది? ఉపాధ్యాయ సంఘాలు ఆ కాగితాలను పోగుచేసి, అచ్చువేసి, ఇంటర్నెట్‌లో పెడితే ఎంత ఖర్చవుతుంది? నేను ఒక సాయంత్రం కూర్చుంటే రైతు ఇంట్లోవి వంద దాకా వచ్చాయి. చేపల చెరువుల ఊళ్ళో వేరే మాటలుంటాయి. సింగరేణి గని ఊళ్ళో వేరే ఉంటాయి. మిర్చి కోతలకి ఏటా వలసపోయి సంక్రాంతి తరవాత బడి మానేసే పిల్లల దగ్గర ఇంకా వేరే ఉంటాయి. వాటిని రాయగలిగినవాడు ఆ బడి పంతులొక్కడే.